చారు తరఫున వకాల్తా

తెలుగువాళ్ళ భోజనం గురించి ఎవరు రాసినా ఆవకాయతో మొదలుపెడతారు. గోంగూర దగ్గర కాసేపు కళ్ళు మూసుకుంటారు. బిర్యానీ దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు మరిచిపోతారు. పూతరేకుల వంతు వచ్చేసరికి పేజీ అయిపోతుంది. చారు ఊసే ఉండదు. చాలా ఇళ్ళల్లో వారంలో సగానికి పైగా పూటలు కంచంలోకి వచ్చేది అదే. లేని రోజున "ఇవాళ చారు పెట్టలేదా?" అని కంచం ముందు నుంచి కేక వినబడుతుంది. ఉన్న రోజున కిక్కురుమనరు. పోయించుకుంటారు, జుర్రుకుంటారు, వేళ్ళు నాకుతూ మజ్జిగ అడుగుతారు.

నేను చారు పెట్టే మనిషిని. పెళ్ళయిన దగ్గర్నుంచీ పెడుతూనే ఉన్నాను. నా కష్టం ఎవరూ గుర్తించలేదని ఏడవడానికి ఇది రాయడం లేదు. ఆ సంగతి ఎత్తుకుంటే ఈ పత్రిక చాలదు. నా ఉక్రోషమంతా చారుకి జరుగుతున్న అన్యాయం గురించే. రోజూ ఇంత సుఖపెట్టేదాన్ని ఎవరూ సుఖాల లెక్కలో రాసుకోరేం?

అది ఏం సుఖపెడుతుందో మరిచిపోయినవాళ్ళ కోసం మొదట్నుంచీ చెబుతాను. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి తీసేసి నీళ్ళు పోస్తాం. ఉప్పు, పసుపు, చేత్తో చిదిమిన రెండు టమాటాలు, ఓ కరివేపాకు రెబ్బ, చిన్న బెల్లం ముక్క. బెల్లం అనగానే మా గుంటూరు వైపు కొందరు మొహం చిట్లిస్తారు, గోదావరి వైపు వాళ్ళు ఇంకాస్త వెయ్యమంటారు. ఆ తగువులోకి నేను దిగను. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, గుప్పెడు కందిపప్పు దోరగా వేయించి కొట్టుకున్న చారుపొడి ఒక చెంచా. ఆ తర్వాత మన పని ఆగడమే. మొదట చింతపండు పచ్చివాసన వస్తుంది. అది పోయి ధనియాల వాసన పైకి తేలుతుంది. చివరికి మిరియం ముక్కు దగ్గరికొచ్చి పలకరిస్తుంది. మా అత్తగారికి రాచ్చిప్ప ఉండేది. పొయ్యి మీంచి దించాక కూడా ఆ రాయి వేడికి చారు కుతకుతమంటూనే ఉండేది. వడ్డించేటప్పుడు పట్టుకారు పెట్టి తీసుకురావాల్సిందే. ఇప్పుడు స్టీలు గిన్నెలో పెడుతున్నాం. చారు రుచి మారిందని ఆవిడ పోయేదాకా అంటూనే ఉన్నారు. నిజమే, మారింది.

ఇక పోపు. చిన్న గరిటెలో నెయ్యి కాగాక ఆవాలు వేస్తే, లోపలి తడి ఆవిరై పొట్టు పగిలి చిటపటలాడతాయి. జీలకర్ర, ఎండుమిరపకాయ, ఆఖరున చిటికెడు ఇంగువ. విడిగా వాసన చూస్తే సీసా అవతల పెట్టాలనిపించే ఇంగువ వేడి నెయ్యి తగలగానే బుద్ధిమంతురాలైపోతుంది. వీటి వాసనలో చాలా భాగం నీళ్ళలో కరగదు, నూనెలోనో నెయ్యిలోనో దిగుతుంది. అందుకే మరిగే చారులో నేరుగా ఆవాలు పోస్తే ఏమీ కాదు, అదే పోపు పెడితే మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు మొత్తానికీ కబురు అందుతుంది. పోపు చుయ్యిమన్న మరుక్షణం మూత పెట్టెయ్యాలి. ఆ మూత తీసే అవకాశం ఎవరికి దక్కుతుందో వాళ్ళు ఆ ఇంట్లో అదృష్టవంతులని నా అభిప్రాయం. తీసేది ఎప్పుడూ నేనే కాబట్టి ఈ రహస్యం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తినడం దగ్గరికొద్దాం. కాస్త మెత్తగా ఉడికిన వేడన్నం మెదిపి, నేతిబొట్టు వేసి, మధ్యలో గుంట చేసి చారు పోయించుకోవాలి. అప్పడం ముక్క చారన్నంలో ముంచితే సగం నాని, సగం కరకరలాడే వ్యవధి ఒకటుంటుంది. బహు కొద్దిసేపు. ఆలస్యం చేస్తే అది అప్పడమూ కాదు, ఇంకేదీ కాదు. మా ఇంట్లో పైన తేరిన తేట కావాలనేవాళ్ళు ఒక పక్షం, గరిటె పెట్టి అడుగు నుంచి మడ్డి తీసి పొయ్యమనేవాళ్ళు ఇంకో పక్షం. మా ఆయనది తేట, నాది అడుగు. ఇన్నేళ్ళ కాపురంలో పేచీ రాని విషయం ఇదొక్కటే. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో నిలబడి మిగిలిన చారును గ్లాసులో పోసుకుని తాగే ఆడవాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టబోతే గ్లాసు వెనక్కి దాచేస్తాం.

ఇంత సుఖాన్ని మనవాళ్ళు ఎప్పుడూ పట్టించుకోలేదా అంటే, అలా అనడానికి లేదు. శ్రీకృష్ణదేవరాయలు పట్టించుకున్నాడు. 'ఆముక్తమాల్యద' మొదట్లోనే, శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం వండిపెట్టేవాడో పద్యాల్లో చెప్పాడు. వానాకాలానికి ఒక భోజనం, చలికాలానికి మిరియాల పొడి వేసిన వేడి వేడి కూరలు. వేసవికి పెట్టిన భోజనంలో గోరువెచ్చని అన్నం పక్కనే తీపి కలిసిన చార్లు ఉన్నాయి, పల్చటి అంబలి ఉంది, లేత కొబ్బరినీళ్ళున్నాయి, నీళ్ళ మజ్జిగ కూడా ఉంది. పదహారో శతాబ్దపు చక్రవర్తి ఆయన. విజయనగరం ఏలుతూ, గజపతులతో యుద్ధాలు చేస్తూ, ఎండాకాలం అతిథికి చారు పొయ్యాలన్న సంగతి గుర్తుపెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అందులో మిరపకాయ ఉండి ఉండదు, టమాటా అసలే లేదు. రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల తర్వాత మనకు చేరినవి. చింతచెట్టు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి మన ఊరి చెట్టైపోయిందంటారు. ఇంగువ ఇప్పటికీ ఎక్కువగా అఫ్ఘనిస్తాన్, ఇరాన్‌ల వంటి దేశాల నుంచే వస్తోంది. మన నేల మీద దాన్ని పండించాలని హిమాచల్‌లోని లాహౌల్ లోయలో శాస్త్రవేత్తలు మొదటి మొక్క నాటింది 2020లో. ఇన్ని దేశాల సరుకు ఇంకే వంటలో కలిసినా దాని మీద ఈపాటికి రెండు పుస్తకాలూ ఒక డాక్యుమెంటరీ వచ్చి ఉండేవి.

పైవాళ్ళకూ తెలిసింది దీని విలువ. మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లదొరలు అరవవారి మిరియాల చారు రుచి మరిగారు. ఊరికే తాగితే దొరతనానికి తక్కువనుకున్నారో ఏమో, అందులో మాంసం వేసి, ఇంకేవేవో కలిపి 'మల్లిగటానీ' అని సూపు చేసుకుని ఇంగ్లండు దాకా పట్టుకుపోయారు. మద్రాసులో కొలువు చేసే దొరలకు ఆ సూపు పేరు మీదే 'మల్స్' అని ముద్దుపేరు పడింది. పత్తి, నీలిమందు పట్టుకెళ్ళినందుకు చరిత్ర పుస్తకాలు వాళ్ళను నిలదీశాయి. చారు సంగతి ఎవరూ అడగలేదు.

మన గౌరవాలు ఎవరికి పోతున్నాయో చూడండి. తిరుపతి లడ్డుకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ హలీమ్‌కి 2010లో, బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో. రావలసినవే, వాటి మీద నాకు అసూయ లేదు. పూతరేకు నేనూ తింటాను, రెండు తింటాను. కానీ ఆ గుర్తింపు రావాలంటే ఫలానా ఊరిదని చూపించాలి. చారు ఏ ఊరిదని చూపిస్తాం? తెలంగాణలో పొయ్యి ఎక్కకుండానే పచ్చిపులుసై, నిప్పుల మీద కాల్చిన మిరపకాయలతో, ఉల్లిపాయ ముక్కలతో వస్తుంది. పప్పు మీది తేట తీసి పెడితే కట్టుచారు. జలుబు చేస్తే మిరియాల చారు. ఏమీ తోచని రోజున నిమ్మకాయ చారు. కోడిని కోసిన రోజున ఎముకలు వేసి చారు. అన్ని ఊళ్ళకూ చెందినందువల్ల ఏ ఊరూ దాని తరఫున దరఖాస్తు పెట్టలేదు.

ఒక్క ఉలవచారు మాత్రం గట్టెక్కింది. పశువులకు ఉలవలు ఉడకబెట్టి పెట్టి, ఆ ఉడికిన నీళ్ళను పారబొయ్యకుండా మరగబెట్టి చిక్కగా చేసిన రైతు ఇంటి చారు అది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మీగడ వేసుకుని తినేవాళ్ళు. దాన్ని హోటలు వాళ్ళు బిర్యానీలో కలిపారు. 2014లో ప్రకాష్ రాజ్ 'ఉలవచారు బిర్యానీ' అని సినిమా కూడా తీశాడు. బిర్యానీ పక్కన నిలబడ్డాకే చారుకి పోస్టరెక్కే యోగం పట్టింది చూశారా! నీళ్ళచారు ఆ పని కూడా చెయ్యలేదు. బిర్యానీలో పోస్తే వంటవాణ్ణి కొడతారు.

చారుని ఎవరైనా పొగిడినప్పుడైతే నాకు మరీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే పొగిడేవాళ్ళలో ముప్పాతిక మంది దాన్ని మందుగా పొగుడుతారు. జ్వరం తగ్గి పథ్యం పెట్టే రోజున మిరియాల చారు దేవతైపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కషాయాలు కాచుకుని తాగమని ఆయుష్ శాఖే చెప్పింది. మిరియాలు, శొంఠి, తులసి, దాల్చినచెక్క. సరిగ్గా అప్పుడు అందరికీ చారు గుర్తొచ్చింది. అరుగుదలకు మంచిది, గొంతుకు మంచిది, రోగనిరోధక శక్తి అంటూ ఫోన్ల నిండా సందేశాలు. అది రుచిగా ఉంటుందని ఒక్కరూ రాయలేదు. మంచిదే కావచ్చు, వద్దనను. అయినా ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "మీరు ఇంట్లో ఉంటే దొంగలు రారండీ" అంటే అది పొగడ్త అవుతుందా?

ఇంకొందరు దూరం నుంచి పొగుడుతారు. మా చెల్లెలి కూతురు అమెరికాలో ఉంది. నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందని అక్కడి ప్రభుత్వం మన దగ్గర్నుంచి తాజా కరివేపాకు తీసుకురానివ్వదు. అందుకని అక్కడి తెలుగిళ్ళల్లో కరివేపాకు మొక్కను కుండీలో పెంచి, చలికాలం రాగానే పసిబిడ్డను తెచ్చినట్టు ఇంట్లోకి తెచ్చుకుంటారు. ఆ పిల్ల రెండు రెమ్మలు తుంచి చారు పెట్టుకుని వీడియో కాల్ చేసి "దొడ్డమ్మా, ఇల్లంతా మన ఊరి వాసన వస్తోంది" అంటుంది. విని సంతోషించాను, కాదనను. తర్వాత అడిగాను. "ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో చారు తింటూ ఫోను చూసుకునేదానివి కదే, అప్పుడు రాలేదేం వాసన?" నవ్వేసి మాట మార్చింది. సముద్రం దాటాక పుట్టే ప్రేమను నేను కొట్టిపారెయ్యను. గిన్నె పక్కనే ఉన్నప్పుడు కూడా కొంచెం పుడితే బాగుండునని అడుగుతున్నాను, అంతే.

ఈమధ్య మూడో రకం మర్యాద ఒకటి మొదలైంది. పెద్ద హోటళ్ళలో బొటనవేలంత గాజు గ్లాసులో చారు పోసి, అంచున కొత్తిమీర ఆకు నిలబెట్టి, భోజనానికి ముందు తెచ్చి పెడుతున్నారు. ఒక గుక్కకి అయిపోతుంది. అందరూ ఫొటో తీసుకుంటారు. అది నాకు సన్మానంలా అనిపించలేదు. శాలువా కప్పి, మాట్లాడనివ్వకుండా స్టేజీ దింపేసినట్టుంది.

మొత్తం మీద చారు మందైతే ఒప్పుకుంటాం, జ్ఞాపకమైతే ఒప్పుకుంటాం, ఖరీదు కడితే ఒప్పుకుంటాం. ఇవాళ, మన ఇంట్లో, ఏ రోగమూ లేకుండా, ఏ దూరమూ లేకుండా తింటున్నప్పుడు అది ఆనందమని ఒప్పుకోవడానికే నోరు రాదు. చారొక్కదానికే జరిగితే ఇంత గొడవ చెయ్యకపోదును. మధ్యాహ్నం ఫ్యాను కింద గచ్చు మీద వాల్చే నడుం, ఎండలో ఆరి గరగరలాడే దుప్పటి, కొత్త కుండలో నీళ్ళు, సగం సగం తాగే సాయంత్రపు టీ, వీటన్నిటి గతీ ఇదే. సుఖం అంటే ముందే బుక్ చేసుకునేదని, బ్యాగులు సర్దుకుని వెళ్ళేదని, వచ్చాక ఖర్చు ఎంతైందో నలుగురికీ చెప్పుకునేదని ఎలాగో ఖాయం చేసేసుకున్నాం. మా పక్కింటివాళ్ళు వేసవి సెలవలకు కొండప్రాంతానికి వెళ్ళి, అక్కడ తెలుగు భోజనం ఎక్కడ దొరుకుతుందా అని రెండు గంటలు తిరిగారు. దొరికాక ఏం తిన్నారని అడిగాను. "చారన్నం" అన్నారు. కొండ ఎలా ఉందో చెప్పారు, ఫొటోలు చూపించారు. చారు ఎలా ఉందో చెప్పలేదు.

ఇంట్లో చారు గురించి మాట వచ్చిందంటే ఉప్పు ఎక్కువైందనే అర్థం. లేదా పులుపు తక్కువైంది, లేదా "ఏంటి, నీళ్ళలా ఉంది?" బాగున్న పూట మౌనమే. వండేవాళ్ళు ఆ మౌనాన్నే మెప్పుగా తీసుకోవడం నేర్చుకున్నారు. మా అత్తగారైతే ఇంకో అడుగు ముందుకేసి, ఎవరెన్నిసార్లు మారు పోయించుకున్నారో మనసులో లెక్కపెట్టుకునేవారు. మామగారు రెండోసారి చారు అడిగిన రోజున ఆవిడ సాయంత్రం దాకా హుషారుగా ఉండేవారు. కారణం మామగారికి ఎప్పటికీ తెలియదు. నోరు తెరిచి ఒక్క మాట అనుంటే ఆ హుషారు రాత్రి దాకా సాగేదని నా నమ్మకం.

పెళ్ళిళ్ళ సంగతి చెప్పకపోతే నా వాదన పూర్తి కాదు. పంక్తి భోజనాల రోజుల్లో చారు బకెట్టు పట్టుకున్న కుర్రాడు పరుగు మీద వచ్చేవాడు. అరిటాకు మీద చారు ఆగదు కదా, అన్నంతో గట్టు కట్టి కాచుక్కూచోవాలి. గట్టు తెగి చారు పక్కవాళ్ళ ఆకు వైపు పారుతుంటే చేత్తో అడ్డం పెట్టి, అందినంత జుర్రేసి, "ఇటు ఇంకాస్త" అని కేకెయ్యడం. పెద్దపెద్ద వకీళ్ళు, తాసిల్దార్లు ఆ గట్టు దగ్గర చిన్నపిల్లలైపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ సరదా బఫేతో పోయింది. ఇప్పుడు చారు ఎక్కడో చివర, ఐస్‌క్రీమ్‌కి ఇవతల, ఒక స్టీలు డ్రమ్ములో ఉంటుంది. అక్కడికి చేరేసరికి ప్లేటు నిండిపోయి ఉంటుంది. పోస్తే గులాబ్ జామ్ మునుగుతుంది, నాన్ తడుస్తుంది. ఇంతాచేసి చారు చల్లారిపోయి ఉంటుంది. ఇరవై ముప్పై రకాలు వండించిన ఆడపెళ్ళివారు లైవ్ దోసె కౌంటరు గురించి అందరికీ చెబుతారు. నేను చారు కోసం చూస్తుంటే "ఏమండీ, మీరింకా ఏమీ తినలేదా?" అని జాలిపడతారు.

అందుకని నా అర్జీ క్యాటరింగ్ వాళ్ళతోనే మొదలుపెడతాను, వాళ్ళైతే డబ్బు తీసుకుంటారు కాబట్టి వింటారు. చారుకి విడిగా ఒక బల్ల వెయ్యండి. కింద సన్నటి మంట ఉండాలి. పక్కన పోపు గరిటె పట్టుకున్న మనిషి ఉండాలి, పది నిమిషాలకోసారి కొత్త పోపు పడాలి. దోసెకు లైవ్ కౌంటరు పెట్టగలిగినవాళ్ళకు ఇదేం గొప్ప పని కాదు. తాగేవాళ్ళకు గ్లాసులు, తినేవాళ్ళకు గిన్నెలో వేడన్నం, ఒక అప్పడం. మొన్న మా బంధువుల ఇంట్లో పెళ్ళి కుదిరితే ఈ మాటే అన్నాను. క్యాటరింగ్ అబ్బాయి కాగితం మీద రాసుకుని, పైనుంచి కిందికి చూసి, "చారు కౌంటరు ఎవరడుగుతారండీ, అమ్మగారూ? ఆ ప్లేసులో మోమోస్ పెడదాం" అన్నాడు. బేరం ఇంకా తెగలేదు. ముహూర్తం మాఘమాసంలో ఉంది, నేను వదిలిపెట్టేది లేదు.